పీపా మూత

అక్టోబర్ 11, శనివారం

బల్ల ఖాళీ అయింది! సంతలో బీరు బల్ల!

అది నడిపే ముసలాయన నడుం నొప్పితో వేగలేక కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడట. కబురు మోసుకొచ్చింది మిర్తా. మిర్తా మా పక్కింటిది, సంతలో జాము సీసాలు అమ్ముతుంది, పైగా ఈ ఏడు సంత కమిటీలో ఉంది. దాని మాట పూర్తయ్యేలోపే నేను పరుగెత్తుకెళ్ళి దోన్ ఎవరిస్తో ముందు నిలబడ్డాను. ఆయన కమిటీ పెద్ద. చెక్క గరిటెలు చెక్కుతాడు, మాటలు కూడా అంతే పొదుపుగా చెక్కుతాడు.

"బీరు తాగడం వేరు, కాయడం వేరు, దోన్యా దెల్ఫీనా," అన్నాడు. 'దోన్యా' అని మర్యాదకేం తక్కువ లేదు.

"రెండూ వచ్చు. పేరు రాసుకోండి," అన్నాను.

"రాసుకుంటాను. హాప్ కోతలయ్యాక ఏప్రిల్ మొదటి శనివారం మీ ఇంటికొస్తాం. తాగి చూస్తాం. మీ చేత్తో చేస్తున్నదేనా అని కళ్ళారా చూస్తాం. ఎక్కడో కొనుక్కొచ్చి మన సంతలో అమ్ముకునేవాళ్ళకి చోటు లేదు, తెలుసుగా?"

తెలుసు. నాకెందుకు తెలియదు! హాప్ ఎండబెట్టే కొట్టంలో నా వయసంతా గడిచింది. పువ్వు అరచేతిలో నలిపితే తోటలో ఏ వైపుదో చెప్పేస్తాను. బీరుకి ఆ చేదూ ఆ పరిమళమూ ఇచ్చేది మా లోయ పువ్వే, కానీ నేను ఎండబెట్టినదంతా లారీలెక్కి ఎవరెవరి బీర్లలోనో పడింది. పోయినేడు కొట్టంలోకి యంత్రం వచ్చింది, నేను ఇంటికొచ్చాను. ఇప్పుడు నా పువ్వు నా బీర్లో పడాలి. నా చేత్తో నేను గ్లాసులో పోయాలి. ఆ బల్ల నాకు కావాలి. ఇంకేమీ వద్దు, అదే కావాలి.

రంపపు మిల్లు నుంచి రాగానే అన్సెల్మోకి చెప్పాను. "కాయవే బొండాం, తాగడానికి నేను లేనూ?" అన్నాడు. మొగుడంటే ఇలా ఉండాలి.

అక్టోబర్ 19

కాశాను! మొలకెత్తిన బార్లీని వేణ్ణీళ్ళలో నానబెట్టి, వడకట్టి, ఆ తియ్యటి కషాయాన్ని హాప్ పువ్వులతో మరిగించాను. ఒకసారి పొంగి పొయ్యి ఆరిపోయింది. కాసేపు ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని మళ్ళీ వెలిగించాను. చల్లార్చి, పీపాలో పోసి, ఈస్టు చల్లి, మూత పెట్టాను. మూతకి నీళ్ళు నింపిన చిన్న గొట్టం ఉంది, లోపలి గాలి దాన్లోంచి బుడగలుగా బయటికి పోతుంది.

అక్టోబర్ 21

బుడగలు! బుడగలు! బుడగలు!

నవంబర్ 2

బుడగలు తగ్గాయి. ఇవాళ ఎండు హాప్ పువ్వులు పైనుంచి వేశాను. అబ్బా ఆ వాసన! నారింజ తొక్క గిల్లినట్టు, పైన్ చెట్టు జిగురు వేలికి అంటినట్టు. మిర్తా మాతే ఆకు కషాయం తాగే సొరబుర్రతో, వేణ్ణీళ్ళ ఫ్లాస్కుతో వచ్చింది, వెంట వాళ్ళ చెల్లెలు. ఇంటికొచ్చిన వాళ్ళకి చూపించకపోతే ఏం మర్యాద? మూత తీశాను. ఒకే బుర్రలో ఒకే గొట్టంతో మాతే పీల్చుకునే వాళ్ళం, పీపా దగ్గర దాపరికమేమిటి! మాతే ఒక చుట్టు తిరిగేసరికి అందరి ముక్కులూ పీపా మీద ఒక చుట్టు తిరిగాయి.

నవంబర్ 5

మిల్లు వాళ్ళు వచ్చారు. మూత తీశాను. గరిటెతో తలో చుక్కా పోశాను. "దోన్యా దెల్ఫీనా, ఇది బీరు కాదు, అత్తరు!" అన్నాడొకడు. రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

నవంబర్ 8

పోస్టాయన వచ్చాడు. పాపం సైకిల్ తొక్కుకుంటూ వస్తాడు. అతనికీ చూపించాను.

డిసెంబర్ 1

సీసా తెరిచాను. గోధుమ రంగు. టీ నీళ్ళలా ఉంది. నారింజ లేదు, పైన్ లేదు. వానకి తడిసిన అట్టపెట్టె వాసన.

ఇదేమిటి? పీపాలో ఉన్నప్పుడు అంత ఘుమఘుమలాడింది కదా, ఊరంతా సాక్ష్యం! అన్సెల్మో రెండు సీసాలు తాగి, "బాగానే ఉందే," అన్నాడు. ఆయన సబ్బు నీళ్ళు ఇచ్చినా బాగానే ఉందంటాడు.

డిసెంబర్ 3

నీళ్ళు! తట్టింది! కుళాయి నీళ్ళలో మందు కలుపుతారు. తప్పంతా దానిదే. రేపు పిల్త్రికిత్రోన్ కొండ మీది వాగు నుంచి డబ్బాలతో మోసుకొస్తాం. అన్సెల్మో మోస్తాడు, నేను దారి చూపిస్తాను.

డిసెంబర్ 24

క్రిస్మస్ విందుకి గొర్రెపిల్ల నిప్పుల మీద కాలుతోంది. వీధి వీధంతా మా పెరట్లోనే. కొండ నీళ్ళ బీరు పీపాలో ఉంది, పువ్వులు మొన్ననే వేశాను. అందరికీ వాసన చూపించాను. ఇద్దరు ముగ్గురికి రెండోసారి కూడా. ఈసారి తేడా మొదటి పీల్పులోనే తెలిసిపోతోంది. కమిటీ వచ్చేసరికి నేను ఆరితేరి ఉంటాను. అసలు బల్ల మీద పరచడానికి గుడ్డ కూడా చూసి పెట్టుకున్నాను, ఎర్ర గళ్ళది.

జనవరి 14

గోధుమ రంగు. పోయినసారి కంటే ముదురు.

జనవరి 15

హాప్ అమ్మినవాడు పాత సరుకు అంటగట్టాడేమో. లేక అన్సెల్మో బూట్లు పీపా పక్కన పెట్టడం వల్లనా? బూట్లు బయట పెట్టించాను. ఎండాకాలం కదా, పెరట్లో ఎండ ఎక్కువ, అదీ ఒక కారణం. గాలి కూడా ఈ ఏడు మరీ విసురుగా వీస్తోంది.

మూత సంగతి అనుకున్నాను కానీ, మూత గట్టిదే. కొత్తది.

జనవరి 17

మిర్తా ముఖం ఇక చూడను! రొట్టెల కొట్లో, వరసలో ఇంతమంది ముందు, నవ్వుతూ ఏమందో తెలుసా: "మా దెల్ఫి బీరు తాగాలంటే ముందు అట్టపెట్టె నమలడం నేర్చుకోవాలి!" అందరూ పడీ పడీ నవ్వారు. కమిటీలో ఉన్న మనిషి అనాల్సిన మాటేనా?

"నీ జాములో పంచదార తప్ప పండెక్కడుందే?" అన్నాను.

"ఏంటే అన్నావ్?"

"చెవుడా? పండెక్కడుందీ అన్నాను!"

రొట్టె కూడా తీసుకోకుండా వచ్చేశాను. ఈ వీధిలో ఎవరితోనూ నాకు పని లేదు. మాతే నేనొక్కదాన్నే తాగుతాను.

జనవరి 18

కాశాను. గరిటె విసురుతూ, గిన్నెలు బాదుతూ కాశాను. ఎవరొచ్చినా ఇంట్లో లేనని చెప్పమన్నాను అన్సెల్మోని. తలుపు గడియ పెట్టాను.

జనవరి 29

పువ్వులు వేశాను. ఎవరూ రాలేదు. నాకూ ఎవరూ అక్కర్లేదు. వంటింట్లో ఈగ చప్పుడు వినిపిస్తోంది.

ఫిబ్రవరి 9

బంగారం! బంగారం!

సీసా తెరిచేసరికి గదంతా నారింజ తోటయిపోయింది. గ్లాసులో లేత పసుపు, పైన తెల్లటి నురగ, నాలుక చివర చక్కటి చేదు. అన్సెల్మో ఒక గుటక వేసి ఆగిపోయాడు. మళ్ళీ గ్లాసు వంక చూశాడు. "బొండాం, ఇది నిజంగా బాగుంది," అన్నాడు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాడన్నమాట, దొంగ!

ఆయన్ని పట్టుకుని వంటింట్లో చుట్లు తిరిగాను. కారణం కనిపెట్టేశాను. కోపం! కోపంగా కాశాను కాబట్టే ఇంత బాగా వచ్చింది. అంతకు ముందు రెండుసార్లూ పళ్ళికిలిస్తూ కాశాను, అందుకే చప్పబడింది. మిర్తా మీద కోపం పీపాలో దిగింది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే దుత్త పగులుతుందంటారు, నా దుత్త బంగారం ఇచ్చింది!

ఫిబ్రవరి 11

కోపంగా కాయడానికి కూర్చున్నాను. కోపం రావడం లేదు. మొన్నటి బీరు తలుచుకుంటే నవ్వొస్తోంది.

"ఏదైనా అను నన్ను," అన్నాను అన్సెల్మోతో.

"ఏమనాలే?"

"ఏదో ఒకటి. మీ అమ్మ వంట నా వంటకంటే బాగుంటుందను."

"మా అమ్మ వంట అస్సలు బాగోదు కదే."

"అందుకే అను, కోపమొస్తుంది!"

అన్నాడు పాపం. ఇద్దరం పగలబడి నవ్వాం. కషాయం పొంగిపోయింది. పొయ్యి తుడుస్తున్నప్పుడు కొంచెం కోపం వచ్చింది. అది చాలేమో.

ఫిబ్రవరి 22

పొద్దుట్నుంచి ముసురు. గొళ్ళెం చప్పుడైతే తీశాను. మిర్తా. తల మీద సంచీ, చేతిలో వేడి వేడి నూనె రొట్టెలు. వాన పడితే ఎవరింట్లోనైనా అవే వేయిస్తారు, కానీ మిర్తావి వేరు.

"తప్పు నాదేనే," అంది గుమ్మంలోనే. "వరసలో అలా అనకుండా ఉండాల్సింది."

"నీ జాములో పండుంది," అన్నాను.

"ఉందా?"

"కొంచెం."

ఇద్దరం నవ్వి, ఏడ్చి, మళ్ళీ నవ్వి, బంగారు బీరు చివరి సీసాలు ఖాళీ చేశాం. "ఇది నువ్వు కాసిందేనా?" అంది కళ్ళు పెద్దవి చేసి. ఆ మాటకి నా గుండె పొంగింది. వెంటనే మూత తీసి కొత్తది చూపించాను, నిన్ననే పువ్వులు వేశాను. అది వెళ్ళి వాళ్ళ చెల్లెల్ని పిలుచుకొచ్చింది, చెల్లెలు ఇంకెవర్నో. ఎన్నాళ్ళకో ఇల్లు నిండింది. గరిటె చేతులు మారుతూనే ఉంది.

మార్చి 5

గోధుమ రంగు.

మార్చి 6

ఇంకో నెలకి కమిటీ వస్తుంది. ఊరంతా నాది అట్టపెట్టె బీరని చెప్పుకుంటోంది. ఆడలేక మద్దెల ఓడన్నానేమో ఇన్నాళ్ళూ, నీళ్ళనీ బూట్లనీ.

మార్చి 7

దొరికింది! కారణం దొరికింది!

ఎండు హాప్ కొనడానికి నేను పనిచేసిన పాత కొట్టానికి వెళ్ళాను. కోతలు జోరుగా ఉన్నాయి, ఊరంతా ఆ వాసనే. మేస్త్రీ మూల ఉన్న ఒక మూట చూపించాడు.

"దెల్ఫీ, అది తీసుకుపో, నీకు చవగ్గా ఇస్తా."

చూశాను. కొనుగోలుదార్లకి చూపించడానికి గుడ్డ కోసిన మూట అది. వచ్చినవాడల్లా చెయ్యి దూర్చి, పువ్వు నలిపి, వాసన చూసి పోతాడు. పైనంతా గోధుమ రంగు తిరిగి ఉంది.

"నాకేం తెలియదనుకున్నావా?" అన్నాను. "వాసన చూపించిన మూట నాకొద్దు. గాలి తగిలాక ఇంకేముంటుంది దాన్లో..."

అంతే. నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను. మేస్త్రీ నాకు గుండె నొప్పి వచ్చిందేమోనని స్టూలు తెచ్చాడు.

ఇంటికి పరుగు. అన్సెల్మో మధ్యాహ్నం కునుకులో ఉన్నాడు. లేపేశాను.

"మన పీపా మూత ఎవరు తీస్తున్నారు?"

"నువ్వే."

"ఎప్పుడెప్పుడు?"

"ఎవరొస్తే అప్పుడు." లేచి కూర్చున్నాడు. "మిర్తాతో గొడవపడ్డప్పుడు మాత్రం తీయలేదు."

"నీకు తెలుసా? ముందే తెలుసా?"

"తెలియదు, అనుమానం."

"మరి నోరు పడిపోయిందా ముసలాయనా!"

"నువ్వు మూత తీసేటప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందో నీకు తెలియదే," అన్నాడు. "వద్దని ఎలా చెప్పను?"

కోపం కాదు! నీళ్ళు కాదు, బూట్లు కాదు, ఎండ కాదు! గాలి! మూటలకి ఏది పడదో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నాకు తెలుసు. నా పీపా దగ్గరే మర్చిపోయాను. మర్చిపోలేదు, తెలుసుకోవాలనిపించలేదు. ఎందుకంటే మూత తీయడం నాకు బాగుంటుంది.

మార్చి 8

కాశాను. అన్సెల్మో పీపా అడుగున కుళాయి బిగించాడు, సీసాల్లో నింపడానికి కూడా మూత తీయనక్కర్లేదు. పువ్వులు వేసేటప్పుడు ఒక్కసారి తీస్తాను, వేస్తాను, మూస్తాను. ఆ తర్వాత దేవుడొచ్చినా తీయను.

మార్చి 16

పువ్వులు వేశాను. సాయంత్రం మిర్తా వచ్చింది. "ఏదీ, ఒక్కసారి!" అంటూ తిన్నగా పీపా దగ్గరికే వెళ్ళింది.

"తీయను మిర్తా. గాలి తగిలితే పాడవుతుంది."

"నేను గాలినా?"

"నువ్వు కాదే. మూత."

"నాకే చూపించవా? నాకు?"

కేకు పెట్టాను. తినలేదు. మాతే తాగి, రెండో చుట్టుకే చాలని చెప్పి లేచిపోయింది. ఇంటికొచ్చిన మనిషికి లేదనడం నా జన్మలో ఇదే మొదటిసారి. అయినా తీయలేదు.

మార్చి 24

పోయినవారం బీరు సీసాల్లోకి దింపేశాం. రంగు చూశాను. ఇక్కడ రాయను, దిష్టి తగులుతుంది. ఖాళీ పీపాలో ఈ ఏటి కొత్త కోత పువ్వుతో ఇంకోటి మొదలుపెట్టాను. బల్ల దొరికితే మొదటి రోజు సంతలో పోయాల్సింది ఇదే. దొరుకుతుంది. దొరకాలి.

ఏప్రిల్ 4, శనివారం

అంతా వరసగా రాయాలి, ఒక్క ముక్క కూడా మర్చిపోకూడదు.

దోన్ ఎవరిస్తో, మిర్తా, ఉన్ని నేసే ఒకాయన వచ్చారు. మిర్తా నా వంక చూడలేదు. సీసా తెరిచాను. మూడు గ్లాసుల్లో బంగారం పోశాను. నేతగాడు తాగి "హా" అన్నాడు, మళ్ళీ గ్లాసు చాపాడు. దోన్ ఎవరిస్తో మాత్రం గ్లాసు కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

"చాలా బాగుంది," అన్నాడు. నా కాళ్ళు నేల మీద లేవు. "మరీ బాగుంది. ఇక్కడే నాకు అనుమానం. మీ బీరు గురించి ఊళ్ళో ఏమంటున్నారో నేనూ విన్నాను దోన్యా దెల్ఫీనా. నాలుగు నెలలు అట్టపెట్టె, ఇప్పుడు హఠాత్తుగా ఇదా? ఇది మీ చేతిదేనా?"

"నా చేతిదే!"

"అయితే పని చూపించండి. నేతగాడింటికెళితే మగ్గం మీద సగం గుడ్డ చూస్తాం. నా దగ్గర సగం చెక్కిన గరిటె చూస్తారు. ఆ పీపాలో ఉన్నది చూపించండి. మూత తీయండి."

పువ్వులు వేసి రెండు రోజులే అయింది. సరిగ్గా తీయకూడని సమయం.

"బయటి నుంచి చూడండి," అన్నాను. "గొట్టంలో బుడగలు చూడండి. కావాలంటే మీ ముందే మొదట్నుంచీ కాసి చూపిస్తాను, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చోండి. మూత మాత్రం తీయను."

"ఒక్క క్షణం."

"క్షణం కూడా. గాలి తగిలితే పోతుంది."

"లోపల ఏముందో చూడకుండా బల్ల ఇవ్వలేం. అది నియమం."

వెళ్ళి పీపాకి అడ్డంగా నిలబడ్డాను. ఎప్పుడు వెళ్ళానో తెలియదు. రెండు చేతులూ మూత మీద ఉన్నాయి. తీస్తే బల్ల వస్తుంది, ఈ పీపా పోతుంది. ఇంకో పీపా కాసుకోవచ్చు, పిచ్చిదానా, తీసెయ్, అని ఒక మనసు. చేతులు మాత్రం కదల్లేదు. నేను ఎండబెట్టకపోయినా ఈ ఏటి కొత్త పువ్వు, చెడిపోతుందని తెలిసి తెలిసి నా చేత్తో నేనే ఎలా చెడగొట్టను?

"అయితే బల్ల వద్దు," అన్నాను. ఏడుపొచ్చేసింది. "వేరేవాళ్ళకి ఇచ్చుకోండి. నేను తీయను."

వెంటనే మిర్తా గయ్‌మంది, నా మీద కాదు.

"దానిమీద అరుస్తారేంటి దోన్ ఎవరిస్తో? పక్కింటిదాన్ని, దాని పెళ్ళినాటి నుంచి తెలిసినదాన్ని, నాకే చూపించలేదు! కేకు పెట్టి పంపించింది నన్ను! మీకు చూపిస్తే నేనూరుకుంటానా?"

దోన్ ఎవరిస్తో దానివంక చూశాడు, నావంక చూశాడు. నా చేతులవంక చూశాడు. గ్లాసులో మిగిలింది నెమ్మదిగా తాగేశాడు.

"కొనుక్కొచ్చి పోసుకున్నవాడైతే అడగ్గానే తెరుస్తాడు," అన్నాడు. "వాడికి పోయేదేముంది? నేనూ నూనె పట్టించిన గరిటె ఆరేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వను." టోపీ పెట్టుకున్నాడు. "బల్ల మీదే, దోన్యా దెల్ఫీనా. ఇరవై అయిదో తారీకు నుంచి."

నేను అరిచాను. మిర్తా అరిచింది. మిల్లు నుంచి అన్సెల్మో పరుగెత్తుకొచ్చాడు, ఇల్లు అంటుకుందనుకుని. మిర్తాని వాటేసుకున్నాను. అది నా చెవిలో, "ఇప్పుడు తీస్తావా?" అంది. తీయనన్నాను. గిల్లింది. ఇప్పటికీ మండుతోంది.

అందరూ వెళ్ళాక మళ్ళీ గేటు చప్పుడైంది. దోన్ ఎవరిస్తో ఒక్కడే, టోపీ చేత్తో పట్టుకుని.

"కమిటీ పని అయిపోయింది," అన్నాడు గొంతు తగ్గించి. "ఇది మామూలు మనిషిగా అడుగుతున్నాను. ఒక్కసారి... వేలు పట్టేంత సందు చాలు. వాసన చూసి వెళ్ళిపోతాను."

"లేదు, దోన్ ఎవరిస్తో."

"ఊఁ," అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 25, శనివారం

బల్ల మీద ఇంకా గుడ్డ పరవనేలేదు, వరసలో మొదటి మనిషి దోన్ ఎవరిస్తో. తన గ్లాసు తనే తెచ్చుకున్నాడు. పోశాను. ముక్కు గ్లాసులో పెట్టి కళ్ళు మూసుకున్నాడు, ఎంతసేపటికీ తీయడు. వెనక వరస పెరిగిపోతోంది, "కానీయండి తాతా, మేమూ ఉన్నాం!" అని కేకలు. నేను మాత్రం తొందరపెట్టలేదు.